ఇథీరియం విలీనం

ఇథీరియం విలీనం అనేది ఇథీరియం బ్లాక్‌చెయిన్ నెట్‌వర్కు 2022 సెప్టెంబరు 15న తన లావాదేవీలను ధ్రువీకరించే పద్ధతిని పూర్తిగా మార్చుకున్న ఘట్టం. ఆంగ్లంలో దీనిని "ది మెర్జ్" అని వ్యవహరిస్తారు. అంతవరకు ఈ నెట్‌వర్కు బిట్‌కాయిన్ మాదిరిగానే ప్రూఫ్ ఆఫ్ వర్క్ అనే పద్ధతిపై, అనగా విద్యుత్తును ధారపోసి లెక్కలు చేసే యంత్రాలపై ఆధారపడి నడిచింది. ఆ రోజు నుండి ప్రూఫ్ ఆఫ్ స్టేక్ అనే పద్ధతిపై, అనగా ధరావతు కట్టిన సభ్యుల సాక్ష్యంపై నడుస్తున్నది. ఈ మార్పు వలన నెట్‌వర్కు విద్యుత్ వినియోగం 99.9 శాతానికి పైగా తగ్గింది.

ఈ ఉన్నతీకరణ మొదట రెండు ప్రయోజనాలను ఆశించి తలపెట్టబడినది. ఒకటి విద్యుత్తు ఆదా. రెండవది ఎక్కువ లావాదేవీలను మోయగల సామర్థ్యం. మొదటిది ఒక్క రోజులో నెరవేరింది. రెండవది ఆ రోజున అణుమాత్రమైనా రాలేదు. నిజానికి రెండింటినీ విడదీసి, రెండవదానిని పక్కన పెట్టడం వల్లనే విలీనం సాధ్యపడింది. పక్కన పెట్టిన ఆ పనిని ఆ తర్వాతి సంవత్సరాలలో వేరొక మార్గంలో చేయవలసి వచ్చింది. విలీనాన్ని అర్థం చేసుకోవడానికి ఈ విడదీత కీలకం.

నేపథ్యం

బ్లాక్‌చెయిన్ అనగా అనేక కంప్యూటర్లలో ఒకే ప్రతిగా ఉండే ఖాతా పుస్తకం. పాతకాలపు వర్తకుల దుకాణాలలో చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు ఉండేవి. రోజువారీ పద్దులన్నీ వరుసగా చిట్టాలో వ్రాసి, తరువాత వాటిని ఖాతాల వారీగా ఆవర్జాలోకి ఎక్కించేవారు. ఆ పుస్తకాలకు గుమాస్తా ఒకడు ఉండేవాడు, అతనిని నమ్మేవారు. బ్లాక్‌చెయిన్‌లో అటువంటి గుమాస్తా లేడు. ఒకరినొకరు ఎరుగని వేలాది మంది ఒకే పుస్తకాన్ని ఉంచుకున్నప్పుడు, తరువాతి పుటను ఎవరు వ్రాయాలి అన్నది అసలు సమస్య. కోరిన వారందరికీ ఓటు ఇస్తే, ఒక్కడే లక్ష మారుపేర్లతో లక్ష ఓట్లు వేయవచ్చు.

సతోషి నకమోటో అనే మారుపేరుతో 2008 అక్టోబరు 31న వెలువడిన బిట్‌కాయిన్ పత్రం దీనికి ఒక పరిష్కారం చూపింది. పుట వ్రాయదలచిన వారు ముందుగా ఒక కఠినమైన లెక్కను ఛేదించాలి. ఆ లెక్కకు తెలివితో పని లేదు. సరైన సంఖ్య తగిలేవరకు ఊహించుకుంటూ పోవడమే. ఎవరి యంత్రాలు క్షణానికి ఎక్కువ ఊహలు చేయగలవో వారికి అవకాశం ఎక్కువ. మారుపేర్లు ఎన్ని పెట్టుకున్నా యంత్రాలు, కరెంటు బిల్లు మాత్రం సొంతంగా భరించవలసిందే. ఈ పనిని మైనింగ్ అని, చేసేవారిని మైనర్లు అని అంటారు. 2009 జనవరి 3న బిట్‌కాయిన్ నెట్‌వర్కు మొదలైంది.

రష్యాలో పుట్టి కెనడాలో పెరిగిన విటాలిక్ బ్యుటెరిన్ 2013 చివరలో ఇథీరియం ప్రతిపాదనను వ్రాశాడు. అప్పటికి అతని వయస్సు 19 సంవత్సరాలు. ఖాతా పుస్తకంలో కేవలం నాణేల బదిలీలనే గాక, తమంత తామే అమలయ్యే ఒప్పందాలను, అనగా చిన్న చిన్న ప్రోగ్రాములను కూడా ఉంచవచ్చుననేది అందులోని ముఖ్యాంశం. గావిన్ వుడ్ దాని సాంకేతిక నిర్వచనాన్ని వ్రాశాడు. 2015 జూలై 30న నెట్‌వర్కు ప్రారంభమైంది. దాని నాణెం పేరు ఈథర్. పద్ధతి మాత్రం బిట్‌కాయిన్ నుండి అరువు తెచ్చుకున్న ప్రూఫ్ ఆఫ్ వర్కే. దీనిని ఎప్పటికైనా వదులుకోవాలనే ఉద్దేశం నిర్మాతలకు ఆదిలోనే ఉన్నది. 2014 జనవరిలోనే బ్యుటెరిన్ ధరావతు పద్ధతి గురించి, తప్పు చేసిన వారి ధరావతులో కోత విధించడం గురించి వ్రాశాడు.

విద్యుత్తు ఎందుకు అంతగా ఖర్చయ్యేది

ఈ విషయంలో ఒక అపోహ బాగా ప్రచారంలో ఉన్నది. ఒక్కొక్క లావాదేవీకి ఇంత విద్యుత్తు అని పత్రికలు తరచుగా లెక్క కట్టాయి. ఆ లెక్క చదవడానికి బాగుంటుంది గాని కారణాన్ని మరుగుపరుస్తుంది. ప్రూఫ్ ఆఫ్ వర్క్‌లో లావాదేవీలు సగానికి తగ్గినా విద్యుత్తు తగ్గదు, రెట్టింపైనా పెరగదు. వినియోగాన్ని నిర్ణయించేది మైనర్లకు దక్కే బహుమానం విలువ.

2019 ఫిబ్రవరి నుండి ఇథీరియంలో బ్లాకుకు 2 ఈథర్లు బహుమానం. సుమారు 13 సెకన్లకు ఒక బ్లాకు చొప్పున, అనుబంధ బహుమానాలతో కలిపి రోజుకు దాదాపు 13,000 ఈథర్లు మైనర్లకు అందేవి. 2021 నవంబరులో ఈథర్ ధర 4,800 డాలర్లు దాటినప్పుడు ఈ మొత్తం రోజుకు 6 కోట్ల డాలర్ల పైమాట. ఆరు కోట్ల బహుమతి పంచుతుంటే అంతకు లోబడి ఎంత ఖర్చు పెట్టినా లాభమే గనుక, ఆ మేరకు గ్రాఫిక్స్ కార్డులు కొనేవారు, కరెంటు కాల్చేవారు పుట్టుకొస్తారు. అనగా ధర పెరిగినకొద్దీ వ్యర్థం పెరగడం ఈ పద్ధతిలో లోపం కాదు, దాని స్వభావమే. భద్రత అంతా ఆ ఖర్చులోనే ఉన్నది. ఆ సంవత్సరాలలో కంప్యూటరు ఆటల కోసమో చదువు కోసమో గ్రాఫిక్స్ కార్డు కొనబోయిన వారికి అది దొరకకపోవడానికి, దొరికినా ధర మండిపోవడానికి గల కారణాలలో ఇదొకటి.

విస్తరణ సమస్య

రెండవ సమస్య రద్దీ. ఇథీరియం మూల నెట్‌వర్కు క్షణానికి సుమారు 15 లావాదేవీలను మాత్రమే నమోదు చేసేది. పోలికకు భారతదేశపు యూపీఐ వ్యవస్థను తీసుకుంటే, 2025 ఆగస్టులో అది నెలకు 2,000 కోట్ల లావాదేవీలను దాటింది. సగటున క్షణానికి 7,400కు పైగా అన్నమాట. యూపీఐ ఒక సంస్థ పర్యవేక్షణలో నడిచేది, బ్లాక్‌చెయిన్‌లో ప్రతి కంప్యూటరూ ప్రతి లావాదేవీని మళ్ళీ తానే సరిచూసుకుంటుంది. కనుక పోలిక న్యాయం కాదని అనవచ్చు. కాని సమస్య సరిగ్గా అక్కడే ఉన్నది. పదివేల మంది గుమాస్తాలను పెట్టినా, ప్రతి ఒక్కరూ మొత్తం పుస్తకాన్ని తిరిగి వ్రాస్తుంటే పని వేగం ఒక గుమాస్తా వేగమే.

2017 డిసెంబరులో క్రిప్టోకిట్టీస్ అనే బొమ్మ పిల్లుల క్రయవిక్రయాల ఆట నెట్‌వర్కులో పదో వంతుకు పైగా రద్దీని ఆక్రమించి, మిగిలిన పనులన్నిటినీ నిలువరించింది. ప్రపంచ ఆర్థిక వ్యవస్థకు పునాది కాబోతున్నదని చెప్పుకున్న యంత్రాంగం పిల్లి బొమ్మలకే ఉక్కిరిబిక్కిరి కావడం నిర్మాతలకు గట్టి హెచ్చరిక. చోటు తక్కువ, కోరేవారు ఎక్కువ కావడంతో రుసుము వేలంపాటగా మారింది. గ్యాస్ అని పిలవబడే ఈ రుసుము 2021 మే నెలలో ఒక దశలో సగటున లావాదేవీకి 60 డాలర్లు దాటింది. వంద డాలర్లు పంపదలచిన వానికి ఆ నెట్‌వర్కు నిరుపయోగం.

ఈ రెండు సమస్యలకూ కలిపి "ఇథీరియం 2.0" అనే పేరుతో ఒకే మహా ప్రణాళిక రూపొందింది. ధరావతు పద్ధతికి మారడం ఒక భాగం. నెట్‌వర్కును 64 ముక్కలుగా చీల్చి, ఒక్కొక్క ముక్క వేర్వేరు లావాదేవీలను చూసుకునేలా చేయడం మరొక భాగం. దీనిని షార్డింగ్ అంటారు. ఈ రెండూ కలిసి రావాలన్న పట్టుదలే చాలాకాలం పనిని ముందుకు సాగనీయలేదు.

ధరావతు పద్ధతి పనిచేసే తీరు

ధరావతు అనే మాట తెలుగువారికి ఎన్నికల వలన సుపరిచితం. అభ్యర్థి కొంత సొమ్ము కట్టి బరిలో దిగుతాడు, చాలినన్ని ఓట్లు రాకపోతే ఆ సొమ్ము గల్లంతవుతుంది. ప్రూఫ్ ఆఫ్ స్టేక్ కూడా ఇటువంటి పూచీపైనే నిలబడినది. 32 ఈథర్లు ధరావతుగా కట్టిన వారు ధ్రువీకర్తలుగా చేరవచ్చు. కాలాన్ని 12 సెకన్ల స్లాటులుగా, 32 స్లాటులను ఒక ఎపాక్‌గా విభజించారు. ప్రతి స్లాటులోను యాదృచ్ఛికంగా ఎంపికైన ఒక ధ్రువీకర్త బ్లాకును ప్రతిపాదిస్తాడు, మరికొందరు ఆ బ్లాకు సక్రమమని సంతకం చేస్తారు. 6.4 నిమిషాల ఎపాక్‌లో ధ్రువీకర్తలందరికీ ఒకసారి సంతకం చేసే వంతు వస్తుంది. మొత్తం ధరావతులో మూడింట రెండు వంతుల సంతకాలు వరుసగా రెండు ఎపాక్‌లకు లభించినప్పుడు ఆ బ్లాకు అంతిమమైనట్లు లెక్క. అంటే సాధారణంగా 13 నిమిషాల లోపు.

ఈ పద్ధతి ఇథీరియం కనిపెట్టినది కాదు. 2012లోనే పీర్‌కాయిన్ దీనిని పాక్షికంగా వాడింది. అయితే తొలినాటి రూపాలలో ఒక చిక్కు ఉండేది. పుస్తకం రెండుగా చీలిపోతే, రెండు ప్రతులపైనా సంతకం చేయడానికి ధ్రువీకర్తకు ఖర్చేమీ లేదు. మైనరు తన యంత్రాన్ని ఒక సమయంలో ఒకవైపే నడపగలడు, సంతకానికి ఆ ఇబ్బంది లేదు. దీనికి మందుగా వచ్చినదే కోత. ఒకే స్లాటుకు రెండు పరస్పర విరుద్ధ బ్లాకులపై సంతకం చేసినట్లు రుజువైతే ఆ ధ్రువీకర్త ధరావతులో కొంత భాగం పోతుంది, అతడు బహిష్కరింపబడతాడు. ఒకేసారి ఎందరు అదే తప్పు చేస్తే శిక్ష అంత పెరుగుతుంది. ఒంటరిగా పొరపాటు చేసిన వానికి చిన్న జరిమానా, మూకుమ్మడి కుట్రకు సర్వస్వం. ఈ తూకం ఆలోచించదగినది.

మరొక ఏర్పాటు కూడా ఉన్నది. మూడవ వంతుకు పైగా ధ్రువీకర్తలు ఒక్కసారిగా కనబడకుండా పోతే అంతిమ నిర్ధారణ ఆగిపోతుంది. అప్పుడు గైర్హాజరైన వారి ధరావతు క్రమంగా కరగడం మొదలవుతుంది. హాజరైన వారి వాటా మళ్ళీ మూడింట రెండు వంతులు అయ్యేవరకు ఆ కరుగుదల సాగుతుంది. యుద్ధం వలననో, తంతులు తెగడం వలననో ప్రపంచం రెండు ముక్కలైనా నెట్‌వర్కు ఎప్పటికైనా తిరిగి కదలాలన్నది దీని ఉద్దేశం.

సన్నాహాలు, ఆలస్యాలు

విలీనం ఎన్నిసార్లు వాయిదా పడిందో చెప్పడానికి డిఫికల్టీ బాంబ్ చరిత్ర చాలు. 2015లోనే నిర్మాతలు నెట్‌వర్కులో ఒక గడువును పొందుపరిచారు. కాలం గడిచేకొద్దీ మైనింగ్ లెక్క మరింత కఠినమై, బ్లాకులు రానురాను నెమ్మదించి, చివరకు మైనింగ్ అసాధ్యం కావాలి. ఈలోగా కొత్త పద్ధతి సిద్ధం కాక తప్పదని తమకు తాము విధించుకున్న ఒత్తిడి ఇది. ఆచరణలో బాంబు పేలబోయిన ప్రతిసారీ గడువును పొడిగించారు. 2017, 2019, 2020 సంవత్సరాలలో ఒక్కొక్కసారి, 2021లో రెండుసార్లు, చివరిసారి 2022 జూన్‌లో.

2020 అక్టోబరులో బ్యుటెరిన్ దిశ మార్చే ఒక ప్రతిపాదన చేశాడు. లావాదేవీల రద్దీని మూల నెట్‌వర్కు తానే మోయనవసరం లేదు, దానిపై నిర్మించబడే రెండవ అంతస్తులు మోస్తాయి, మూల నెట్‌వర్కు వాటికి సమాచారాన్ని భద్రపరిస్తే చాలునన్నది దాని సారాంశం. దీనితో 64 ముక్కల షార్డింగ్ అత్యవసరం కాకుండా పోయింది. విలీనానికి అడ్డు తొలగింది. 2022 జనవరిలో "ఇథీరియం 2.0" అనే పేరునే విరమించారు. పాత ఈథర్లను కొత్త ఈథర్లుగా మార్చి ఇస్తామని ఆ పేరుతో మోసగాళ్ళు జనాన్ని దోచుకోవడం కూడా దానికి ఒక కారణం.

అప్పటికే ధరావతు గొలుసు వేరుగా నడుస్తున్నది. బీకన్ చెయిన్ అనే ఈ గొలుసు 2020 డిసెంబరు 1న ప్రారంభమైంది. ప్రారంభానికి కనీసం 16,384 మంది ధ్రువీకర్తలు, అనగా 5,24,288 ఈథర్లు అవసరమని నియమం. ఆ సొమ్ము గడువుకు కొద్ది గంటల ముందుగా సమకూరింది. ఇందులో చేరిన వారి సాహసాన్ని తక్కువ చేయరాదు. కట్టిన ధరావతు ఎప్పుడు తిరిగి వస్తుందో తెలియదు. తీసుకునే ద్వారమే అప్పటికి కట్టబడలేదు. అది తెరుచుకున్నది 2023 ఏప్రిల్‌లో.

బీకన్ చెయిన్ రెండేళ్ళకు దగ్గరగా ఖాళీ బండిలా నడిచింది. ధ్రువీకర్తలు సంతకాలు చేస్తూనే ఉన్నారు గాని వారు ధ్రువీకరిస్తున్న పుటలలో జనం లావాదేవీలు లేవు. లావాదేవీలన్నీ పాత మైనింగ్ గొలుసులోనే. ఆ రెండింటినీ కలపడమే విలీనం, ఆ పేరు రావడానికి కారణం కూడా అదే. పాత సాఫ్ట్‌వేరులో లావాదేవీలను అమలుచేసే భాగాన్ని ఉన్నదున్నట్లుగా ఉంచి, ఏ బ్లాకు సరైనదో నిర్ణయించే భాగాన్ని మాత్రం తొలగించి, ఆ స్థానంలో బీకన్ చెయిన్‌ను తగిలించారు. నడుస్తున్న రైలుకు ఇంజను మార్చినట్లని అప్పట్లో అనేకులు పోల్చారు.

తప్పటడుగులు పరీక్షలలో బయటపడ్డాయి. 2020 ఆగస్టులో మెడల్లా అనే ప్రయోగ నెట్‌వర్కులో అత్యధిక ధ్రువీకర్తలు ప్రిజమ్ అనే ఒకే సాఫ్ట్‌వేరును వాడుతుండేవారు. అది ఆరు సమయ సర్వర్ల సగటు తీసుకుని తన గడియారాన్ని సరిచేసుకునేది. వాటిలో ఒకటి 24 గంటలు ముందుకు చూపడంతో సగటు 4 గంటలు ముందుకు జరిగి, వేలాది ధ్రువీకర్తలు ఇంకా రాని స్లాటులకు సంతకాలు చేయసాగారు. నెట్‌వర్కు రోజుల తరబడి కుదేలైంది. ఒకే సాఫ్ట్‌వేరుపై అందరూ ఆధారపడరాదనే పాఠం అక్కడ నేర్చినదే. తరువాత లైట్‌హౌస్, టెకు, నింబస్, లోడ్‌స్టార్ వంటి వేర్వేరు సాఫ్ట్‌వేర్లను ప్రోత్సహించారు. 2022లో రోప్‌స్టెన్, సెపోలియా, గోయెర్లి అనే మూడు ప్రయోగ నెట్‌వర్కులు జూన్, జూలై, ఆగస్టు నెలలలో వరుసగా విలీనమై తోవ చూపాయి.

విలీనం జరిగిన రోజు

విలీనానికి తేదీని గాని బ్లాకు సంఖ్యను గాని నిర్ణయించలేదు. అప్పటివరకు మైనర్లు చేసిన పని మొత్తం ఒక నిర్ణీత స్థాయికి, 5,875 తరువాత 19 సున్నలు గల సంఖ్యకు చేరగానే పాత పద్ధతి ముగియాలని నియమించారు. బ్లాకు సంఖ్యను పెట్టి ఉంటే, ఎవరైనా తక్కువ శ్రమతో దొంగ గొలుసును నిర్మించి ముందుగా ఆ సంఖ్యకు చేరుకునే ప్రమాదం ఉండేది. ఈ ఏర్పాటులో ఒక వైచిత్రి ఉన్నది. మైనర్లు ఎంత గట్టిగా పనిచేస్తే వారి వృత్తి అంత త్వరగా అంతమవుతుంది.

భారత కాలమానం ప్రకారం మధ్యాహ్నం 12 గంటల 12 నిమిషాలకు ఆ స్థాయి దాటింది. 1,55,37,393వ బ్లాకు మైనింగ్ ద్వారా వచ్చిన చివరి బ్లాకు. తరువాతి బ్లాకు ధరావతు పద్ధతిలో వచ్చింది. సుమారు 13 నిమిషాల తరువాత అంతిమ నిర్ధారణ కూడా లభించడంతో మార్పు సఫలమైనట్లు తేలింది. ఆ సమయంలో ఈథర్లు పంపుతున్న సామాన్య వినియోగదారు చేయవలసినది ఏమీ లేదు, అతనికి తేడా తెలిసే అవకాశం కూడా లేదు. డానీ ర్యాన్, టిమ్ బైకో తదితరులు సమన్వయం చేసిన ఈ పనిలో అనేక దేశాలలోని స్వతంత్ర బృందాలు పాల్గొన్నాయి. పై అధికారి అంటూ ఎవరూ లేని ఒక వ్యవస్థ ఇంత నాజూకైన పనిని పూర్తి చేయగలగడం విమర్శకులు సైతం ఒప్పుకున్న విషయం.

విద్యుత్ వినియోగంపై ప్రభావం

జర్మనీకి చెందిన సీసీఆర్ఐ అనే సంస్థ విలీనానికి ముందు నెట్‌వర్కు వార్షిక వినియోగాన్ని సుమారు 2.29 కోట్ల మెగావాట్-గంటలుగా, విలీనం తరువాత సుమారు 2,600 మెగావాట్-గంటలుగా అంచనా వేసింది. తగ్గుదల 99.988 శాతం. కర్బన ఉద్గారాలు ఏడాదికి కోటి టన్నుల పైచిలుకు నుండి 870 టన్నులకు పడిపోయినట్లు అదే నివేదిక తెలిపింది. ఇతరుల అంచనాలలో విలీనానికి పూర్వపు సంఖ్య విషయంలో తేడాలున్నాయి గాని, తగ్గుదల 99.9 శాతానికి మించినదనే విషయంలో భేదాభిప్రాయం లేదు.

ఈ సంఖ్యలను తెలుగు పాఠకులకు పరిచితమైన కొలతలో చెప్పవచ్చు. తెలంగాణలోని రామగుండంలో ఎన్టీపీసీ పాత విద్యుత్ కేంద్రం స్థాపిత సామర్థ్యం 2,600 మెగావాట్లు. ఆ ఏడు యూనిట్లూ ఏడాది పొడవునా ఒక్క గంట కూడా ఆగకుండా పూర్తి సామర్థ్యంతో నడిస్తే ఎంత విద్యుత్తు వస్తుందో, విలీనానికి ముందు ఇథీరియం ఏటా దాదాపు అంత వాడేది. విలీనం తరువాత ఏడాదంతటికీ కావలసినది అదే కేంద్రం ఒక్క గంటలో ఇచ్చే విద్యుత్తు. ఇంటి లెక్కలో చెప్పాలంటే, నెలకు 100 యూనిట్లు వాడే కుటుంబాలు సుమారు కోటీ 90 లక్షల నుండి 2,200కు తగ్గినట్లు.

ఇంత తేడా ఎలా సాధ్యమన్న ప్రశ్నకు సమాధానం సులువే. ధ్రువీకర్త చేసే పని సంతకం పెట్టడం. దానికి ఇంట్లో ఉండే మామూలు కంప్యూటరు, నిలకడైన అంతర్జాల సంబంధం చాలు. మునుపటి యంత్రాలు చేసిన లెక్కలలో లావాదేవీలకు ఉపయోగపడినది లేశమే. మిగిలినదంతా ఖర్చు చేశామని రుజువు చూపడానికే చేసిన ఖర్చు. ఆ రుజువు స్థానంలో ధరావతు వచ్చింది.

ఇదే సమయంలో బిట్‌కాయిన్ పాత పద్ధతిలోనే కొనసాగుతున్నది. దాని వార్షిక వినియోగం 100 టెరావాట్-గంటలకు పైనే ఉన్నది. 2022 మార్చిలో గ్రీన్‌పీస్ తదితర సంస్థలు బిట్‌కాయిన్ కూడా పద్ధతి మార్చుకోవాలని ప్రచారం ప్రారంభించాయి. ఆ సమాజం దానిని లెక్కచేయలేదు. భౌతికమైన ఖర్చు లేనిదే భద్రత లేదన్నది వారి వాదం.

మైనర్ల పరిస్థితి

విలీనంతో ఇథీరియం మైనర్లకు రోజుకు 13,000 ఈథర్ల ఆదాయం ఒక్కసారిగా నిలిచిపోయింది. కొందరు ఇథీరియం క్లాసిక్ అనే పాత చీలికకు తరలిపోయారు. 2016లో ది డావో అనే నిధి దోపిడీకి గురైనప్పుడు ఏర్పడిన చీలిక అది. మరికొందరు మైనింగ్‌ను కొనసాగిస్తూ ఇథీరియం పీఓడబ్ల్యూ అనే కొత్త గొలుసును చీల్చుకున్నారు. ఆ చిన్న గొలుసులలో అందరికీ సరిపడా ఆదాయం లేకపోవడంతో చాలా యంత్రాలు మూలన పడ్డాయి. వాడిన గ్రాఫిక్స్ కార్డులు సంతలో కుప్పలు పడి ధరలు తగ్గాయి. అప్పు చేసి యంత్రాలు కొన్న చిన్న మైనర్లు నష్టపోయిన మాట వాస్తవం. గడువు 2015 నుండి బహిరంగంగా ప్రకటింపబడే ఉన్నదని, అన్ని వాయిదాల తరువాత ఎవరూ దానిని నమ్మలేదని రెండు వాదనలూ వినిపిస్తాయి. రెండింటిలోనూ నిజముంది.

విస్తరణ మరొక దారిలో

విలీనంతో రుసుములు తగ్గుతాయని, వేగం పెరుగుతుందని చాలామంది ఎదురుచూశారు. బ్లాకుల మధ్య వ్యవధి 13 సెకన్ల నుండి 12 సెకన్లకు మారడం తప్ప సామర్థ్యంలో మార్పు లేదు. ఇథీరియం ఫౌండేషన్ ఈ సంగతిని ముందుగానే స్పష్టం చేసినా, ఆశ పడినవారి చెవికి అది ఎక్కలేదు.

అసలు విస్తరణ రోలప్‌ల ద్వారా జరిగింది. పైన చెప్పిన చిట్టా, ఆవర్జాల పోలిక ఇక్కడ అక్కరకు వస్తుంది. రోలప్ అనగా చిట్టా. వేలాది చిన్న పద్దులు అక్కడ నమోదవుతాయి. వాటిని కుదించి, కట్టగట్టి, మూల నెట్‌వర్కు అనే ఆవర్జాలో ఒక్క పద్దుగా ఎక్కిస్తారు. చిట్టాలో దొంగ లెక్క వ్రాస్తే పట్టుకోవడానికి రెండు విధానాలున్నాయి. ఒకదానిలో లెక్క సరైనదేనని ముందు నమ్మి, అభ్యంతరం చెప్పడానికి సుమారు వారం రోజులు గడువిస్తారు. ఆర్బిట్రమ్, ఆప్టిమిజమ్ ఈ కోవకు చెందినవి. రెండవదానిలో లెక్క సరైనదనే గణిత రుజువును పద్దుతో పాటే జతచేస్తారు. జెడ్‌కేసింక్, స్టార్క్‌నెట్ ఈ కోవకు చెందినవి. రద్దీ సమస్యపై భారతీయులు చేసిన ప్రయత్నం కూడా ఒకటి ఉన్నది. జయంతి కనాని, సందీప్ నైల్వాల్, అనురాగ్ అర్జున్ 2017లో మాటిక్ పేరుతో ప్రారంభించిన నెట్‌వర్కు తరువాత పాలిగన్‌గా పేరు గాంచినది. అయితే దాని ప్రధాన గొలుసు రోలప్ కాదు, తన సొంత ధ్రువీకర్తలతో ఇథీరియం పక్కన నడిచే వేరొక గొలుసు.

అభ్యంతరం చెప్పాలంటే చిట్టా ప్రతి అందరికీ అందుబాటులో ఉండాలి. ఆ ప్రతిని మూల నెట్‌వర్కులో శాశ్వతంగా ఉంచడమే రోలప్‌ల ఖర్చులో సింహభాగం. 2024 మార్చి 13న అమలైన డెన్‌కున్ ఉన్నతీకరణ ఈ ముడిని విప్పింది. బ్లాబ్ అనే తాత్కాలిక సంచులను ప్రవేశపెట్టింది. ఒక్కొక్కటి 128 కిలోబైట్లు. సుమారు 18 రోజులు ఉండి, తరువాత చెరిగిపోతాయి. తప్పును పట్టుకోవడానికి ఆ వ్యవధి చాలు, శాశ్వత నిల్వ భారం అక్కరలేదు. దీనితో అనేక రోలప్‌లలో రుసుములు పదింట తొమ్మిది వంతుల మేర పడిపోయి, లావాదేవీకి కొద్ది పైసలు, రూపాయల స్థాయికి వచ్చాయి. మొదట బ్లాకుకు గరిష్ఠంగా 6 బ్లాబులు, 2025 మే 7 నాటి పెక్ట్రా ఉన్నతీకరణతో 9. అదే ఏడాది డిసెంబరు 3న వచ్చిన ఫుసాకాతో ప్రతి కంప్యూటరూ బ్లాబులన్నిటినీ దింపుకోనవసరం లేకుండా, కొన్ని భాగాలను మాత్రమే నమూనాగా సరిచూసే ఏర్పాటు జరిగింది. 64 ముక్కల పాత షార్డింగ్ కలలో ఆచరణకు వచ్చిన అంశం ఇదే అనవచ్చు.

విమర్శలు

ధరావతు పద్ధతిపై ప్రధాన విమర్శ, అది ధనవంతుల చేతికి పగ్గాలు ఇస్తుందని. మైనింగ్‌లోనూ పెద్ద పెట్టుబడులదే రాజ్యమని సమాధానం చెప్పవచ్చు గాని, ప్రశ్న అంతటితో తీరదు. 32 ఈథర్లు సామాన్యుడు కట్టగల సొమ్ము కాదు. కనుక చిన్న మొత్తాలను పోగుచేసి ధరావతు కట్టే సంస్థలు పుట్టాయి. వాటిలో లీడో ఒక దశలో మొత్తం ధరావతులో దాదాపు మూడవ వంతుకు చేరువైంది. మూడవ వంతు దాటిన వారు తలచుకుంటే అంతిమ నిర్ధారణను ఆపగలరు గనుక ఇది ఊరక కలిగిన భయం కాదు. విలీనం నాటికి లీడో, కాయిన్‌బేస్, క్రాకెన్, బైనాన్స్ అనే నాలుగింటి వాటా సగానికి మించినది. ధ్రువీకర్తలు నాలుగు లక్షలకు పైగా ఉన్నారని చెప్పే లెక్కను ఈ దృష్టితో చూడాలి. ఒకే సంస్థ వేలాది ధ్రువీకర్తలను నడపవచ్చు.

ఈ కేంద్రీకరణ ఎటువంటి చిక్కు తేగలదో వెంటనే తెలిసివచ్చింది. 2022 ఆగస్టు 8న అమెరికా ఆర్థిక శాఖ టొర్నాడో క్యాష్ అనే అజ్ఞాత బదిలీల ప్రోగ్రాముపై ఆంక్షలు విధించింది. విలీనం తరువాత చాలామంది ధ్రువీకర్తలు బ్లాకులను తాము కూర్చుకోక, రిలేలనే మధ్యవర్తుల నుండి తీసుకోవడం మొదలుపెట్టారు. ఆ మధ్యవర్తులలో ముఖ్యమైనవి ఆంక్షల జాబితాలోని లావాదేవీలను వదిలివేసేవి. 2022 నవంబరులో 70 శాతానికి పైగా బ్లాకులు ఇటువంటి మధ్యవర్తుల ద్వారానే వచ్చాయి. ఎవరి అనుమతీ అక్కరలేని పుస్తకమని చెప్పుకున్న దానిలో పుటలు వ్రాసేవారు ఒక దేశపు జాబితాను ముందుంచుకుని వ్రాశారన్నమాట. ఆ లావాదేవీలు ఆగిపోలేదు, ఆలస్యంగానైనా ఇతరుల బ్లాకులలో చేరాయి. తరువాత ఆ శాతం తగ్గింది. 2025 మార్చిలో ఆంక్షలనే ఎత్తివేశారు. అందువలన సమస్య పరిష్కారమైందనడం కంటే, పరీక్ష వాయిదా పడిందనడం సబబు.

2023 మే 11, 12 తేదీలలో అంతిమ నిర్ధారణ వరుసగా సుమారు 25 నిమిషాలు, గంటకు పైగా నిలిచిపోయింది. కొన్ని సాఫ్ట్‌వేర్లు పాత సంతకాలను సరిచూడడంలో అధిక భారంతో కుంటుపడడం కారణం. మిగిలిన సాఫ్ట్‌వేర్లు నడుస్తూ ఉండడంతో కొత్త బ్లాకులు వస్తూనే ఉన్నాయి, నెట్‌వర్కు తనంతట తానే కోలుకున్నది. మెడల్లాలో నేర్చిన పాఠం ఇక్కడ ఆదుకున్నది.

రోలప్‌లపైనా విమర్శలున్నాయి. 2025 నాటికి కూడా ప్రధాన రోలప్‌లలో లావాదేవీల వరుసను నిర్ణయించే సీక్వెన్సరు ఒక్కొక్క సంస్థ చేతిలోనే ఉన్నది. గుమాస్తా లేని పుస్తకం కోసం బయలుదేరి, ఆవర్జాకు గుమాస్తాను తొలగించి, చిట్టాకు మళ్ళీ ఒక గుమాస్తాను పెట్టుకున్నట్లయింది. అతడు ఎక్కువ కాలం మోసం చేయలేడు, కాని దుకాణం కొంతసేపు మూయగలడు.

ఇక సొమ్ము లెక్క. 2021 ఆగస్టు 5 నాటి లండన్ ఉన్నతీకరణ నుండి ప్రతి లావాదేవీ రుసుములో ఒక భాగం శాశ్వతంగా నాశనం చేయబడుతున్నది. విలీనంతో రోజువారీ కొత్త ఈథర్లు దాదాపు 1,700కు తగ్గడంతో, పుట్టేవాటి కంటే నశించేవి ఎక్కువై, మొత్తం ఈథర్ల సంఖ్య కొంతకాలం తరుగుతూ వచ్చింది. దీనిని చూపి ఈథర్ విలువ పెరగక తప్పదని ప్రచారం చేసినవారు చాలామంది. డెన్‌కున్ తరువాత రద్దీ రోలప్‌లకు తరలి, అక్కడి రుసుములు కారుచౌక కావడంతో నశించే ఈథర్లు బాగా తగ్గాయి. మొత్తం సంఖ్య తిరిగి పెరిగి 2025 ఆరంభంలో విలీనం నాటి స్థాయిని దాటింది. వాడుకరికి చౌక కావడం, ధరావతుదారుకు రాబడి కావడం ఈ వ్యవస్థలో ఒకే త్రాసుకు రెండు తట్టలు. మూల నెట్‌వర్కు సామర్థ్యాన్నే నేరుగా పెంచాలనే వాదం ఈ కారణంగానే మళ్ళీ బలపడింది. 2025లో బ్లాకు పరిమితిని 3 కోట్ల గ్యాస్ నుండి అంచెలంచెలుగా 6 కోట్లకు పెంచారు.